పది రూపాయల పోస్టల్ ఆర్డరుకి ఏమొస్తుంది? సమాచార హక్కు దరఖాస్తు మీద నా రివ్యూ

రేటింగ్: 5కి 3. ఉద్యోగం ఇప్పిస్తుందని వాడితే 1. ఎందుకు రాలేదో తెలుసుకోవడానికైతే 4.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పాలకొల్లులో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేస్తున్నాను. 2025లో ఒక జిల్లా ఆరోగ్యశాఖ ఆఫీసు కాంట్రాక్టు పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తే అప్లై చేశాను. ఏ జిల్లా అని అడగకండి. చించినాడ వంతెనకి ఇటొక జిల్లా, అటొక జిల్లా, ఏదో ఒకటి అనుకోండి.

వీటికి రాతపరీక్ష ఉండదు, 100 మార్కుల లెక్క ఉంటుంది. కోర్సు మార్కులకి 75. పాసైన తర్వాత గడిచిన ఏడాదికి ఒకటి చొప్పున 10 దాకా. ప్రభుత్వంలో ఇదివరకే కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సర్వీసు ఉంటే 15 దాకా. మొదటి రెండూ మార్కుల మెమో చూస్తే తేలిపోతాయి. తంటా అంతా ఆ చివరి 15తోనే. ఆరు నెలల సర్వీసుకి గిరిజన ప్రాంతమైతే 2.5, పల్లె అయితే 2, పట్నమైతే 1 వేస్తారు. సర్టిఫికెట్ మీద ఏ ఊరు రాశారు, ఎవరు సంతకం పెట్టారు అన్నదాన్ని బట్టి లిస్టులో పేరు పైకీ కిందకీ జరుగుతుంది.

ప్రొవిజనల్ లిస్టు బయటికి రాగానే ఊళ్ళో మాట మొదలైంది. "ఆయ్, పోస్టులు ముందే అమ్ముడైపోయాయటండి" అని. ఎంతకి అమ్మారో కూడా దగ్గరుండి చూసినట్టే చెప్పారు. మొదటి పేరు ఉన్న అమ్మాయి ఫలానా నాయకుడి బంధువన్నారు. మా పెదనాన్నగారైతే "మనమూ ఎవరినైనా పట్టుకోవాల్సిందే అమ్మా" అని నన్నే కేకలేశారు. రికమండేషన్ మీద ఆయన కోపమంతా అది మనకి లేనందుకే.

లిస్టులో సర్వీసుకి ఎన్ని మార్కులు వేశారో ఉంది కానీ ఏ సర్వీసుకి వేశారో లేదు. అందుకని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను.

వాడకం చాలా సులువు. తెల్లకాగితం, మన అడ్రసు, 10 రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు. మండల స్థాయి ఆఫీసుకైతే 5, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. తెల్ల కార్డు ఉన్నవాళ్ళు దాని జిరాక్సు జతచేస్తే ఏదీ కట్టక్కర్లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు, సెక్షన్ 6(2)లో ఆ మాట స్పష్టంగా ఉంది. కాపీలకి పేజీకి 2 రూపాయలు. కోర్టు దగ్గర కూర్చుని రాసిపెట్టేవాళ్ళు దీనికి వందలు అడుగుతారు, ఇవ్వకండి.

కిటుకంతా అడగడంలో ఉంది. "అక్రమాలు జరిగాయి, విచారించండి" అని రాస్తే అది ఫిర్యాదవుతుంది, దానికి సమాచారం రాదు. కాగితం పేరు చెప్పి అడగాలి. నేను అడిగినవి ఇవి: ఎంపికైనవాళ్ళ మార్కుల విభజన షీటు, సర్వీసు మార్కులకి ఆధారంగా తీసుకున్న సర్టిఫికెట్ల కాపీలు, వాటిని పరిశీలించిన కమిటీ మినిట్స్, అభ్యంతరాల మీద రాసిన ఫైలు నోట్.

చట్టంలో గడువు 30 రోజులు. సరిగ్గా గడువు ముగిసేటప్పుడు ఒక పేజీ జవాబొచ్చింది. వ్యక్తిగత సమాచారం, 8(1)(జె) ప్రకారం ఇవ్వడం కుదరదు. నియామకాల గురించి అడిగితే ఎక్కువగా వినిపించే సాకు ఇదే. అదే ఆఫీసులో పై అధికారికి పెట్టుకునే మొదటి అప్పీలులో నేను సెక్షన్ 10 పట్టుకున్నాను. ఆధార్, ఫోను నంబరు, ఇంటి అడ్రసు కొట్టేసి మిగతాది ఇవ్వండి, ప్రభుత్వ ఉద్యోగం ఇచ్చింది ఈ మార్కులు చూసే కదా అని రాశాను. కాగితాలొచ్చాయి. ఇప్పుడు వేసేవాళ్ళకి ఒక జాగ్రత్త: 2025 నవంబరులో 8(1)(జె)ని మార్చి ఇంకా బిగించారు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) మాత్రం ఉంది, దాన్ని మొదటి దరఖాస్తులోనే రాయండి.

ఇక కాగితాల్లో ఏముందంటే, ఊరంతా వేలెత్తి చూపిన ఆ అమ్మాయికి సర్వీసు మార్కులు సున్నా. కోర్సు మార్కులతోనే పైన నిలిచింది. నాకంటే బాగా చదివింది, అంతే. ఇన్నాళ్ళూ ఆ పిల్లని అన్న మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటారు?

ఎవరూ పేరెత్తని మరొకతని దగ్గర తేడా కనిపించింది. రెండేళ్ళు మున్సిపాలిటీలోని అర్బన్ హెల్త్ సెంటర్లో చేశాడు. సర్టిఫికెట్లో ఆ సంగతి రాసే ఉంది. మార్కులు మాత్రం పల్లె లెక్కన వేశారు, 4 రావాల్సిన చోట 8. అతను ఆ ఆఫీసులో ఒకాయనకి మేనల్లుడని తర్వాత విన్నాను. కాగితం మీద లేని మాట కాబట్టి అర్జీలో రాయలేదు. ఆ నాలుగూ తీసేస్తే పోస్టు నాకు వస్తుందా అంటే అదీ లేదు. నాకు పైన వేరే ఆవిడ ఉంది, ఆవిడకి వెళ్ళాలి.

సమాచార హక్కు దరఖాస్తులో పెద్ద లోపం ఇక్కడే. తప్పు చూపిస్తుంది, దిద్దదు. సోమవారం కలెక్టరేట్‌లో కాపీలు జతచేసి అర్జీ ఇచ్చాను. రసీదిచ్చారు. ఎప్పుడు అడిగినా పరిశీలనలో ఉందంటున్నారు. ఆ కాంట్రాక్టు ఉండేదే ఏడాది, గడియారం అతని వైపే ఉంది. సమాచారం ఇవ్వడంలో ఆలస్యం చేసిన అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చని చట్టంలో ఉంది కానీ, దానికి రాష్ట్ర సమాచార కమిషన్ దాకా వెళ్ళాలి. అంత ఓపిక నాకు లేదు, శాంపిల్స్ తీసేవాళ్ళు ల్యాబులో ఇద్దరమే.

మా ఇంట్లో ఇది వెంటనే పనిచేసిన సందర్భం మా అక్కది. వాళ్ళబ్బాయికి ప్రైవేటు బడిలో విద్యా హక్కు చట్టం కింద ఉండే 25 శాతం కోటాలో, లాటరీలో ఒకటో తరగతి సీటొచ్చింది. బడివాళ్ళేమో సీట్లు నిండాయి, డొనేషన్ కడితే చూద్దామన్నారు. డొనేషన్ తీసుకుంటే దానికి పదిరెట్లు దాకా జరిమానా వేసే సెక్షన్ 13 అదే చట్టంలో ఉంది. అక్క ఎంఈవో ఆఫీసులో 5 రూపాయలు కట్టి, ఆ బడికి కేటాయించిన పిల్లల జాబితా, చేర్చుకున్నవాళ్ళ జాబితా అడిగింది. జవాబు రాకముందే బడి నుంచి ఫోనొచ్చింది, యూనిఫాం కొలతలకి రమ్మని.

మళ్ళీ నోటిఫికేషన్ వస్తే నేను కాపీలతో మొదలుపెట్టను. ప్రొవిజనల్ లిస్టు పెట్టిన రోజే ఫైలు చూపించమని దరఖాస్తు ఇస్తాను. చూడటానికి మొదటి గంట ఉచితం, సర్వీసు కాలమ్ ఒక్కటి చూడటానికి అది సరిపోతుంది.