టిక్కర్ కోడ్‌లు: ఏళ్లుగా వాడాక, ఫిర్యాదంతా తోక మీదే

టిక్కర్ కోడ్ అంటే స్టాక్ మార్కెట్లో ఒక్కో షేరుకు ఉండే పొట్టి పేరు. నాలుగక్షరాలు కొడితే షేరు ముందుకొస్తుంది. ఆ సౌకర్యాన్ని కాదనలేం. కానీ ఇన్నేళ్లు వాడాక కూడా మింగుడుపడనిది, కోడ్ చివర తోకలా తగిలించే అక్షరం. అసలు సంగతంతా అందులోనే ఉంటుంది. కొత్తవాళ్ల కన్ను మాత్రం మొదటి అక్షరాల దగ్గరే ఆగిపోతుంది.

2013 అక్టోబరులో ట్విటర్ తన ఐపీఓ (జనానికి తొలిసారి షేర్లు అమ్మడం) పత్రాలు బయటపెట్టింది. కోడ్ టీడబ్ల్యూటీఆర్ అని అందరికీ తెలిసింది, షేరు మాత్రం ఇంకా మార్కెట్లోకి రాలేదు. అదే సమయంలో అమెరికా ఓటీసీ మార్కెట్లో, అంటే ప్రధాన ఎక్స్ఛేంజ్‌ల బయట షేర్లు చేతులు మారే చోట, టీడబ్ల్యూటీఆర్‌క్యూ అనే కోడ్ ఉంది. అది ట్వీటర్ అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల కంపెనీది, 2007లోనే దివాలా పిటిషన్ వేసింది. చివరి 'క్యూ'కు అర్థమే దివాలా. అయినా అదే ట్విటర్ అనుకుని జనం ఎగబడి కొన్నారు. సెంటు కూడా చేయని షేరు ఒక్క రోజులో పది రెట్లు దాటింది. నియంత్రణ సంస్థ ఫిన్రా ట్రేడింగ్ ఆపేసింది, తర్వాత ఆ కోడ్‌నే మార్చారు. పై ధరకు కొన్నవాళ్ల చేతిలో మిగిలింది దివాలా కంపెనీ కాగితం.

తోక ప్రతిచోటా ఒకే అర్థం ఇవ్వదు, చిక్కు అక్కడే. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు జీఓఓజీఎల్ అయితే షేరుకో ఓటు, జీఓఓజీ అయితే ఓటు లేదు. మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్ఎస్ఈ)లో కోడ్ పక్కన మామూలుగా ఉండే ఈక్యూ బదులు బీఈ కనిపిస్తే డెలివరీ తప్పనిసరి, అంటే కొన్న షేరు మన ఖాతాలోకి రావాల్సిందే. పొద్దున కొని సాయంత్రం అమ్మేద్దామంటే కుదరదు. అమెరికా కంపెనీ బెర్క్‌షైర్ హాథవే బీ తరగతి షేరుకు ఒక యాప్‌లో మధ్య చుక్క, ఇంకోదాంట్లో అడ్డగీత పెట్టాలి. తప్పు కొడితే 'షేరు లేదు' అంటుంది.

అందుకే ఆర్డర్ పెట్టేముందు పూర్తి పేరు, ఎక్స్ఛేంజ్, ఐసిన్ (షేరుకు ఉండే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) మూడూ చూడాలి. ఐసిన్‌లో 12 గుర్తులుంటాయి: దేశానికి 2 అక్షరాలు, తర్వాత 9, చివర తనిఖీ అంకె 1. ఫేస్‌బుక్ 2022 జూన్‌లో ఎఫ్‌బీ వదిలి మెటా అయినట్టు కోడ్‌లు మారిపోతుంటాయి, ఐసిన్ అంత తేలిగ్గా మారదు. అలాగని దాన్నీ శాశ్వతం అనుకోకూడదు. మన దగ్గర ముఖవిలువ విభజన (ఒక షేరును తక్కువ ముఖవిలువ ఉన్న ఎక్కువ షేర్లుగా విడగొట్టడం) జరిగితే కొత్త ఐసిన్ ఇస్తారు, పాతది రాసిపెట్టుకున్న పట్టిక సరిపోలదు.

రోజూ అవే పది షేర్లు చూసేవాళ్లకు కోడ్ చాలు. ఏడాదికో రెండో కొనేవాళ్లయితే, వార్తలో చూసిన కోడ్‌ను అలాగే కొట్టి కొనకుండా ఆ మూడూ సరిచూసుకోవడానికి ఒక నిమిషం పెట్టడం మేలు.