మా ఇంట్లో ప్రశ్నల నోట్‌బుక్: నాలుగేళ్లు వాడాక

దేవరకొండలో మా సంఘం తల్లుల కూడికలో పాస్టరమ్మగారు ఒక మాట చెప్పారు. పిల్లలు నోటితో అడగలేనివి రాసుకోవడానికి ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టండి, శనివారం కుటుంబ ప్రార్థన అయ్యాక జవాబు చెప్పండి అని. ఆ వారమే రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, పెన్ను దారంతో కట్టి, ఫ్రిజ్ పక్కన మేకుకు తగిలించాను. అప్పుడు బిడ్డ ఆరో తరగతి, బాబు మూడు. ఇప్పుడు బిడ్డ పదికొచ్చింది. మూడో నోట్‌బుక్ నడుస్తోంది.

మొదటి ప్రశ్నే బతుకమ్మ మీద వచ్చింది. మా గల్లీలో క్రైస్తవుల ఇల్లు మాదొక్కటే. పెత్రమాస (మహాలయ అమావాస్య) నుంచి చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా ఇంటి ముందరే ఉయ్యాల పాటలు. 2014లో రాష్ట్ర పండుగ అయింది, బడిలో కూడా ఆడిస్తారు. "తంగేడు పూలు దేవుడు చేసినవే కదా, మనమెందుకు పేర్చం?" అని రాసింది. కింద "మనం ఆడకూడదు" అని రాసి ఊరుకున్నాను. నెల రోజులు అందులో ఒక్క అక్షరం పడలేదు. జవాబు చెప్పానని అనుకున్నాను కానీ, దాని నోరు మూయించాను.

తర్వాత ఇద్దరం కూర్చుని బైబిల్‌లో పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాలు చదివాం. అంగట్లో అమ్మే మాంసాన్ని ఏమీ విచారించకుండా తినమన్న పౌలే, ఇది విగ్రహాలకు అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాళ్ల మనస్సాక్షి కోసం తినొద్దన్నాడు. బిడ్డ అక్కడ ఆగి, "అంటే పూలు కోస్తే తప్పు లేదు, పూజలో మాత్రం కూర్చోవద్దు" అన్నది. అప్పటి నుంచి ఏటా పక్కింటి వదినకు గునుగు పూల చివర్లు కత్తిరించి, రంగు అద్ది ఇస్తుంది. పసుపు గౌరమ్మను పెట్టే వేళకు ఇంటికొస్తుంది. వదిన ఏనాడూ తప్పు పట్టలేదు. సద్దుల నాడు గౌరమ్మకు పెట్టకముందే మలీద (రొట్టె, బెల్లం కలిపి చేసే ముద్దలు) వేరే గిన్నెలో తీసి పంపుతుంది. మా సంఘంలో కొందరికి ఈ పద్ధతి నచ్చదు, వాళ్ల మనస్సాక్షిని కూడా గౌరవిస్తాం.

బాబు ఐదో తరగతిలో రాసింది ఇంకా బరువైనది. "నాకు బీసీ-సి అని రాశారు. పెదనాన్న వాళ్లు ఎస్సీ. మనం ఏంటోళ్లం?" మా ఆయన దీనికి మూడు శనివారాలు తీసుకున్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదని, అందులో సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారని, మన దగ్గర ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులకు బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ ఉందని కాగితం మీద రాసి చూపించారు. తర్వాత గలతీ 3:28 చదివాం, క్రీస్తులో అందరూ ఒక్కటే అనే మాట. వెంటనే వాడు, "మరి చర్చివాళ్లు పెండ్లిళ్లకు కులం ఎందుకు చూస్తరు?" అన్నాడు. మా ఆయన కాసేపు మాట్లాడలేదు. "చూసుడు తప్పే బిడ్డా. మీ అత్త పెండ్లికి నేను కూడా చూసిన" అన్నారు. పిల్లల ముందు ఆయన అట్లా ఒప్పుకోవడం నేను చూసింది అదే మొదలు.

లోపం కూడా చెప్పాలి. గోడకు వేలాడే పుస్తకాన్ని ఇంట్లో అందరూ చదువుతారు. తొమ్మిదికి రాగానే బిడ్డ రాయడం మానేసింది. ప్రశ్నలు లేవేమో అనుకున్నాను. ప్రేమలు, ఒంటి సంగతులు ఫోన్‌లో వెతుక్కుంటోందని తర్వాత తెలిసి ఏడుపొచ్చింది. చిన్న పాకెట్ పుస్తకం ఒకటి విడిగా ఇచ్చాను, అది నేను తప్ప ఎవరూ ముట్టరు. అయినా ఆ ముచ్చట్లు ఎక్కువగా తలకు నూనె పెట్టేటప్పుడే బయటికొస్తాయి.

శనివారం తప్పితే మాత్రం ఇది నడవదు. మా అత్తమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండు వారాలు పోయాయి, పిల్లలను మళ్లీ దారికి తేవడానికి రెండు నెలలు పట్టింది. జవాబు అర పేజీ దాటితే ప్రసంగం అయిపోతుంది, చదవరు. తెలియకపోతే "పాస్టరు అయ్యగారిని అడిగి చెప్తా" అని రాయండి, నిజంగా అడగండి. ఆడపిల్ల ఉంటే మొదటి రోజే రెండు పుస్తకాలు కొనండి.