గాలిమరల బోల్టుల మీద ఎనిమిదేళ్లు: మా టార్క్ మిషన్ ఎలా ఉంది

ఉరవకొండ, బెలుగుప్ప చుట్టుపక్కల చేల మధ్య నిలబడిన గాలిమరలను మా వైపు ఫ్యాన్లు అంటారు. ఆ టవర్లలో బోల్టులు బిగించడం, ఏటా చెక్ చేయడం, పాడైనవి విప్పి మార్చడం నా పని. ఎనిమిదేళ్లుగా నా చేతిలో ఉన్నది ఒకటే హైడ్రాలిక్ టార్క్ రెంచి, అంటే పంపు తోసే ఆయిల్ ఒత్తిడితో నట్టును తిప్పే పానా. ఆ తిప్పే బలమే టార్క్. సైట్లో దాన్ని టార్క్ మిషన్ అనేస్తాం. కొనాలా, అద్దెకు తేవాలా అని తోటి ఫిట్టర్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

నేను పని నేర్చుకున్నది ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల షట్‌డౌన్లలో, అంటే రిపేర్ల కోసం ఫ్యాక్టరీ ఆపిన రోజుల్లో. అక్కడ పెద్ద బోల్టంటే స్లాగింగ్ పానా, సమ్మెట. ఒకరు పానా పట్టుకుంటే ఇంకొకరు కొట్టేవాళ్లం. పొద్దున కొట్టిన బోల్టుకీ, చేతులు పడిపోయాక సాయంత్రం కొట్టిన బోల్టుకీ ఒకే బిగువు ఎలా వస్తుంది? ఎవరి చేతిని బట్టి వాళ్ల బిగువు. టవర్ ముక్కలను ఒకదానికొకటి బోల్టులతో కలిపే ఇనుప అంచు, అదే ఫ్లాంజి, అందులో అట్లా కుదరదు. 36 మిల్లీమీటర్ల లావుండే ఎం36 బోల్టు, 10.9 అనే గట్టి గ్రేడుది, దాని మరలకు (బోల్టు మీది చుట్లకు) రాపిడి తగ్గించే మాలీ పేస్టు రాసి ఉంటే 2,800 న్యూటన్ మీటర్ల టార్క్ పెడతాం. 70 కిలోల మనిషి అంత టార్క్ తేవాలంటే పానాకు నాలుగు మీటర్ల పైపు తొడిగి చివర వేలాడాలి. టవర్ లోపల అంత పైపు తిప్పే చోటే ఉండదు. పైగా అలాంటి బోల్టులు ఒక్క ఫ్లాంజికే వందకు పైగా ఉంటాయి.

ఆ టార్క్‌తో బోల్టు లోపల పుట్టే బిగువు 510 కిలోన్యూటన్లు, అంటే 52 టన్నుల బరువు వేలాడదీసినట్టు. అంత బిగువు ఎందుకంటే, ఫ్లాంజిలు రెండూ గట్టిగా ఒత్తుకుని ఉన్నంతకాలం గాలి ఊపును ఎక్కువ భాగం అవే మోస్తాయి. బోల్టు వదులైతే ఊపు దాని మీద పడుతుంది, కొన్నాళ్లకు అలిసి తెగుతుంది. ఒకటి వదిలితే దాని భారం పక్కవాటి మీదికి పోతుంది. అందుకే మొదటి బోల్టూ చివరి బోల్టూ ఒకే లెక్కలో బిగియడం నాకు ఈ మిషన్‌లో అన్నిటికంటే నచ్చిన గుణం.

మాది 700 బార్ పంపు (బార్ అంటే ప్రెషర్ కొలత). రెంచి 700 బార్ దగ్గర 5,600 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, 350 దగ్గర అందులో సగం. ప్రెషర్ ఎప్పుడూ కింది నుంచి పైకి పెంచుతూ సెట్ చేయాలి. ఎక్కువ పెట్టి తగ్గించుకుంటూ వస్తే గేజి ముల్లు సరిగ్గా కూర్చోదు. రిమోట్ బటన్ నొక్కితే పిస్టన్ ముందుకు వచ్చి, నట్టును పట్టుకునే సాకెట్ కొంచెం తిరుగుతుంది. వదిలితే వెనక్కి పోతూ లోపల టక్ మంటుంది. మళ్లీ నొక్కాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పిస్టన్ దాని దారి చివరికి చేరినా గేజి ముల్లు సెట్ చేసిన అంకె మీదికే ఎగబాకుతుంది. చూసినవాడు నట్టు బిగిసిందనుకుని రెంచి తీసేస్తాడు. బటన్ వదిలి, టక్ శబ్దం విని, మళ్లీ నొక్కాలి. ముల్లు 350 మీద ఉన్నా సాకెట్ వెంట్రుకవాసి కూడా కదలకపోతేనే బిగిసినట్టు. నేను ఆ తర్వాత ఇంకోసారి నొక్కి చూసి గాని మార్కర్‌తో గీత గీయను. గీత బోల్టు చివర మొదలై నట్టు మీదుగా ఫ్లాంజి దాకా పోవాలి. మరుసటి ఏడు టార్చి వేసి చూస్తే గీత విరిగిన చోట నట్టు కదిలిందని తెలిసిపోతుంది. గీత కలిసే ఉన్నా బిగువు తగ్గి ఉండొచ్చు, అందుకే మిషన్ కూడా పెట్టి చూస్తాం.

మిషన్ ఇచ్చే టార్క్ అంతా బోల్టుకు పోతుందనుకోకండి. సుమారుగా సగం నట్టు కింద రాపిడికి పోతుంది, నలభై శాతం మరల రాపిడికి పోతుంది, బోల్టును సాగదీసి బిగువు పుట్టించేది పది శాతమే. ఒకసారి మా వాళ్లు ఒక ఫ్లాంజిలో కొన్ని బోల్టులకు పేస్టు రాయడం మరిచారు. గేజి అన్నిటికీ ఒకే అంకె చూపించింది. కాని ఆ నట్లు మిగతావాటికంటే ముందే ఆగిపోతున్నాయి, ఆగేముందు కర్రుమంటున్నాయి. అనుమానం వచ్చి ఒకటి విప్పిస్తే మరలు పొడిగా, తళతళలాడుతూ ఉన్నాయి. ఆ బోల్టులన్నీ తీసేసి కొత్తవి వేశాం.

విప్పేటప్పుడు మిషన్ ఇంకా ఎక్కువ పని చేస్తుంది. తుప్పు పట్టిన నట్టు కదలాలంటే బిగించిన టార్క్ కంటే చాలా ఎక్కువ కావాలి. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచుతాం. నట్టు వదిలేటప్పుడు ఫట్ మని తుపాకీ పేలినట్టు శబ్దం వస్తుంది. ఎనిమిదేళ్లయినా ఆ శబ్దానికి నా గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది.

ఇక దీనితో ఉన్న పెద్ద ప్రమాదం రియాక్షన్ ఆర్మ్. నట్టును ఒక వైపు తిప్పాలంటే మిషన్ ఇంకో వైపు ఆనుకోవాలి. ఆ ఆర్మ్ పక్క నట్టుకు తన్నుకునేది టన్నుల బలంతో. నాలుగేళ్ల కింద కొత్తగా చేరిన పిల్లోడు ఆర్మ్ జారకుండా చేత్తో పట్టుకున్నాడు. రిమోట్ నా చేతిలో ఉంది. "నొక్కు అన్నా, బాగా కూర్చుంది" అన్నాడు. నేను నొక్కాను. వాడి రెండు వేళ్లు ఆర్మ్‌కీ నట్టుకీ మధ్య ఉన్నాయి. అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోయే దారంతా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. వేళ్లు నిలిచాయి గాని చూపుడు వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. అది నా తప్పే, చెయ్యి ఎక్కడుందో చూడకుండా నొక్కాను. ఆ రోజు నుంచి రెంచి పెట్టే మనిషి చేతిలోనే రిమోట్ ఉంటుంది, రెండో మనిషి అడుగు దూరంలో నిలబడతాడు.

హోస్ పైపుల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. పైపును మిషన్‌కు కలిపే కప్లర్ చివరిదాకా కూర్చోకపోతే ఆయిల్ వెనక్కి రాదు, రెంచి నట్టు మీదే ఇరుక్కుంటుంది, సీళ్లు పోతాయి. మా ఎర్రమట్టి దుమ్ము కప్లర్ల పాలిట శత్రువు. విప్పగానే మూత పెట్టి, పెట్టే ముందు బట్టతో తుడుస్తాం. ఎక్కడైనా సన్నగా ఆయిల్ చిమ్ముతుంటే చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. 700 బార్ల ఆయిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది. గాయం సూదిమొనంతే కనిపించినా వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది.

ఏప్రిల్, మే ఎండల్లో పంపును టవర్ నీడలోకి జరుపుకుంటూ పని చేస్తాం. జూన్ గాలి లేచే లోపు సర్వీసు అయిపోవాలి కాబట్టి ఎండాకాలం తప్పించుకోలేం. ఆయిల్ బాగా కాగితే పంపుకు అరగంట రెస్టు ఇస్తాను. జనరేటర్ మీద వోల్టేజి పడిపోయినా మోటారు మొరాయిస్తుంది. బరువు కూడా తక్కువేం కాదు, పంపు ఒక్కటే ఇద్దరు మోయాలి.

ఈ ఎనిమిదేళ్లలో సీళ్లు రెండుసార్లు, హోస్ పైపులు ఒకసారి మార్చాను. కాలిబ్రేషన్, అంటే మిషన్ చూపే అంకె సరైనదేనా అని పరీక్ష, ఏటా చేయిస్తాను. ఏడాది పొడుగునా పనుంటే కొనండి. రెండు మూడు షట్‌డౌన్లకైతే అద్దె చాలు. అద్దె మిషన్ తెచ్చుకుంటే మాత్రం పెట్టె తెరవగానే ఒక పని చేయండి. ఒకసారి మాది కాలిబ్రేషన్‌కు పోతే వేరేది అద్దెకు తెచ్చాం. ఏ టార్క్‌కు ఎంత ప్రెషర్ పెట్టాలో చెప్పే చార్టులో 2,800కు 520 బార్ అని ఉంది. ఆ రెంచి సైజు చూస్తే అంత ప్రెషర్ ఎందుకో అర్థం కాలేదు, అయినా చార్టునే నమ్మాను. ఆగాల్సిన చోట నట్టు ఆగకుండా మెత్తగా తిరుగుతూ పోయింది. బోల్టు సాగిపోయిందని చేతికే తెలిసింది. ఆపి చూస్తే అది చిన్న మోడల్ చార్టు. ఆ బోల్టు పారేశాం. పెట్టె తెరవగానే నేమ్‌ప్లేటు, చార్టు, కాలిబ్రేషన్ సర్టిఫికెట్, మూడింటి మీది నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కటి కలవకపోయినా మిషన్ బయటికి తీయకండి.