ఉప్పలపాడా, ఆటపాకా? పెద్దవాళ్లతో ఓ గంట నడవడానికి ఏది మేలు?

చలి మొదలైతే చాలు, మావాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పిల్లాడికి ఆరేళ్లు, ఎక్కువ నడవలేం, ఆదివారం పక్షులు చూద్దామనుకుంటున్నాం, ఉప్పలపాడు వెళ్లమంటావా, కొల్లేరు వెళ్లమంటావా అని. మొన్న మార్గశిరంలో మా అమ్మని తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు నేనూ ఇదే లెక్క వేసుకున్నాను.

పేరు చూస్తే కొల్లేరుదే పైచేయి. 1999లో అభయారణ్యం అయింది, విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకీ ఎక్కింది. అయితే మనం చూసేది అంత కొల్లేరునీ కాదు, కైకలూరు పక్కనున్న ఆటపాక చెరువుని. అక్కడ గూడబాతులు (పెలికాన్లు) చెట్లతో పాటు వాటికోసం నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు పెట్టుకుంటాయి, బోటెక్కితే బాగా దగ్గరికి వెళ్లొచ్చు. ఉప్పలపాడుకి ఈ హంగులేం లేవు. గుంటూరు నుంచి పట్టుమని పది కిలోమీటర్లు లేని ఓ ఊరి చెరువు, మధ్యలో తుమ్మచెట్లు, గట్టు మీద వాచ్ టవర్, అంతే. గట్టు వెంట తిరిగొస్తే నడక అయిపోయినట్టే.

ఇద్దరికీ మార్కులు వేయమంటే పక్షుల్లో సమానం, బోటుకి ఆటపాకకి ఒకటి ఎక్కువ వేస్తాను. కానీ నా దృష్టిలో తేల్చేది పక్షులూ కాదు, బోటూ కాదు, ఎండ. మన దగ్గర డిసెంబరులో కూడా తొమ్మిదిన్నర దాటిందంటే గట్టు మీద నిలబడటం పెద్దవాళ్లకి కష్టమే, పైగా ఎండెక్కాక గూడబాతులూ కొంగలూ వేడిగాలి ఆసరాతో రెక్క కూడా ఆడించకుండా పైపైకి తేలిపోతాయి, మనకి చుక్కలు మిగులుతాయి. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా ఆటపాక డెబ్భై కిలోమీటర్ల పైమాటే. పోయినేడాది వెళ్లినప్పుడు ఆరింటికి బయల్దేరదామనుకుని, అందరూ స్నానాలు చేసి, కాఫీలు తాగి, ఏడున్నరకి కారెక్కి, గుడివాడలో ఇడ్లీలకి ఆగి, చెరువు దగ్గరికి చేరేసరికి పదిన్నర. తప్పు పూర్తిగా మాదే. అమ్మ నీడ వెతుక్కుని కూర్చుంది, నడక లేదు ఏమీ లేదు. గంట నడక కోసం రానూపోనూ నాలుగు గంటలు కారులో కూర్చోబెట్టడం ఏం లెక్క?

ఈసారి ఉప్పలపాడు. అయిదున్నరకి బయల్దేరితే ఆరున్నరకి గట్టు మీదున్నాం, ఇంకా మంచు తెర విడలేదు. ముందు కళ్లకి కాదు, ముక్కుకి తెలుస్తుంది: రెట్టలూ పచ్చిచేపా కలిసిన ఆ వాసన అలవాటు లేనివాళ్లకి పది నిమిషాలు ఇబ్బందే. చెట్ల ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. ఎర్రకాళ్ల కొంగలు ముక్కులు టకటకలాడిస్తుంటే, పక్క కొమ్మ మీద నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఎలా మిగిలిపోతుందో అద్దాలు పెట్టుకోని మా అమ్మకి కూడా కనబడింది, అంటే ఎంత దగ్గరో అర్థం చేసుకోండి. ఇంతలో "ఒరేయ్, అటు చూడరా, ఆ పిల్ల తల్లి నోట్లో తలకాయ పెట్టేసింది, మింగేస్తుందేమో!" అని నా చెయ్యి పట్టుకుంది. మింగడం కాదమ్మా, తల్లి గూడబాతు ముక్కు కింది సంచిలో తెచ్చిన చేపలు అది తింటోంది అని చెప్పినా చాలాసేపు కదల్లేదు. ఎనిమిదిన్నరకల్లా గుంటూరులో టిఫిన్ తింటున్నాం.

పొద్దున లేవలేనివాళ్లు సాయంత్రం అయిదింటికి వెళ్లండి, మేతకి పోయిన గుంపులు తిరిగొచ్చి కొమ్మల కోసం పోట్లాడుకోవడం ఇంకా బాగుంటుంది. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఎప్పుడైనా సరే. చిన్న బైనాక్యులర్ ఉంటే మంచిది, లేకపోయినా గడిచిపోతుంది.

మిగతావాటి గురించీ అడుగుతారు. హంసలదీవి వైపు కృష్ణా అభయారణ్యంలో మడ అడవులున్నాయి, బావురు పిల్లి ఉంది, కానీ అది రోజంతా పెట్టుకోవాల్సిన ప్రయాణం, నడకకి కాదు. మూలపాడు సీతాకోకచిలుకలకి బాగుంటుంది, అదీ వానలు పడ్డాక. కొండపల్లి అంటే ఎక్కుడు, మోకాళ్ల నొప్పులవాళ్లని అడక్కండి.

ఆటపాక వద్దనడం లేదు. కైకలూరులోనో భీమవరంలోనో చుట్టాలుంటే ముందురోజు రాత్రే చేరి పడుకుని, తెల్లారి బోటెక్కండి. మా పెద్దత్త కైకలూరులోనే ఉంటుంది, సంక్రాంతికి మేం చేయబోయేది అదే.