నెల సరుకులు: కిరాణా చీటీయా, సూపర్ మార్కెట్ బండియా, ఫోన్‌లో యాపా?

ఒకటో తారీకున జీతం పడుతుంది. మూడో తారీకుకల్లా సరుకులు డబ్బాల్లోకి చేరతాయి. పదిహేనో తారీకు వచ్చేసరికి "అదేంటి, అప్పుడే అయిపోయిందా?" అని వంటింట్లోంచి వినిపిస్తుంది. చాలా ఇళ్ళల్లో బడ్జెట్ దాటేది ఈ రెండో విడతలోనే. మొదటి విడతలో కందిపప్పు కేజీకి ఐదు రూపాయలు ఎక్కడ తక్కువో కనుక్కుని మరీ కొన్నవాళ్ళు, రెండో విడతలో ఏమేం కొన్నారో అడిగితే గుర్తు లేదంటారు. అందుకే ఎక్కడ కొంటే మేలని ఎవరైనా అడిగితే నేను ధరల జోలికి ముందు పోను. ఎక్కడ కొంటే అనుకున్న లెక్కలో ఆగగలమో అది చూస్తాను.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్ళలో జీతం మీద బతికే ఇంటికి ఇప్పుడు మూడు దారులున్నాయి. వీధిలో కిరాణా కొట్టు, డీమార్ట్, రత్నదీప్ లాంటి సూపర్ మార్కెట్లు, నిమిషాల్లో గుమ్మం దగ్గరికి తెచ్చే బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ లాంటి యాప్‌లు. కూరగాయల లెక్క వేరు, దాని గురించి తర్వాత చెప్తాను.

ఒక్కో వస్తువు ధర చూస్తే సూపర్ మార్కెట్‌దే పైచేయి. సబ్బులు, బట్టల పౌడర్, టీపొడి, నూనె, గోధుమపిండి చాలావరకు ఎమ్మార్పీ కంటే తక్కువకే దొరుకుతాయి. అయితే ఆ తక్కువ ఎంతన్నది కాగితం మీద వేసి చూడాలి. నూనెనే తీసుకోండి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు రెండు వేల క్యాలరీలు తినే మనిషికి నూనె, కొవ్వులు కలిపి 27 గ్రాములు చాలంది. నలుగురికి నెలకు అది సుమారు మూడున్నర లీటర్లు. లీటరు మీద పది రూపాయలు మిగిలాయనుకున్నా నెల మొత్తానికి 35 రూపాయలే. బిల్లు కౌంటర్ దగ్గర లైన్‌లో నిలబడినప్పుడు పిల్లాడు బండిలో పడేసే చాక్లెట్‌కీ చిప్స్ ప్యాకెట్‌కీ అవి సరిపోవు. బండేమో అంత పెద్దది. అడుగున నాలుగు ప్యాకెట్లు పడుంటే మనకే ఏమీ కొననట్టు ఉంటుంది. "ఒకటి కొంటే ఒకటి ఫ్రీ" బోర్డు కనబడితే, ఆ మొదటిది మనకు కావాలా అని కూడా ఆలోచించం.

సూపర్ మార్కెట్‌కే వెళ్ళేట్టయితే ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. ఇప్పుడు ప్యాకెట్ల మీద ఎమ్మార్పీతో పాటు గ్రాముకో, కేజీకో, లీటరుకో ఎంత పడుతుందో కూడా వేస్తున్నారు. ఇంగ్లిష్‌లో యు.ఎస్.పి. అని ఉంటుంది, అంటే యూనిట్ సేల్ ప్రైస్. ఇది బాగా పనికొచ్చేది నూనె దగ్గరే. లీటరు నూనె తూకం వేస్తే సుమారు 910 గ్రాములుంటుంది. పక్కనే అదే సైజులో కనబడే ఇంకో ప్యాకెట్ మీద 850 గ్రాములో 870 గ్రాములో ఉండొచ్చు. పైకి ఎనిమిది రూపాయలు తక్కువనిపించినది నిజానికి ఎక్కువ పడొచ్చు. బిస్కెట్లు, టూత్‌పేస్టుల్లోనూ ఇదే తంతు. ధర పెంచితే జనం గొణుగుతారని బరువు తగ్గిస్తారు.

ఇక్కడే ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు వేసుకున్న బడ్జెట్‌నే ఇంకా వాడుతుంటే ఈ పద్దులు ఒకసారి దిద్దుకోండి. తగ్గిన డబ్బు మన లెక్కలోకి ఎక్కకపోతే ఇంకేదో ప్యాకెట్ రూపంలో వెళ్ళిపోతుంది.

కిరాణా కొట్టు బలం చీటీ. ఇంట్లో కూర్చుని డబ్బాలు మూతలు తీసి చూసి, కందిపప్పు రెండు కేజీలు, మినపగుళ్ళు కేజీన్నర, ఇడ్లీ రవ్వ కేజీ, ఆవాలు వంద, జీలకర్ర వంద అని రాసి వాట్సాప్‌లో పంపిస్తే సాయంత్రానికి కుర్రాడు తెచ్చి పెడతాడు. చీటీలో లేనిది ఇంటికి రాదు. కళ్ళకు ఏదీ కనబడదు కాబట్టి మనసు ఎటూ పోదు. పైగా పావు కేజీ, వంద గ్రాములు అని ఎంత కావాలంటే అంతే ఇస్తారు. పండక్కి మాత్రమే వాడే గసగసాల్లాంటివి ఇలా కొంటేనే లాభం. పప్పులో పుచ్చు ఉంటే తెలిసిన కొట్టు కాబట్టి వెనక్కి తీసుకుని మారుస్తారు. విడి సరుకు మీద ధర అచ్చయి ఉండదు, అందుకని నెలకోసారి రేట్లు అడిగి రాసుకోవాలి. అడగడానికి మొహమాటపడేవాళ్ళకు ఈ దారి ఖరీదే అవుతుంది.

అసలు చిక్కు మాత్రం ఖాతా. "అన్నా, పుస్తకంలో రాసుకో" అన్న మాటతో చీటీ ఇచ్చే లాభమంతా పోతుంది. సరుకు ముందు తినేస్తాం, లెక్క తర్వాత వస్తుంది. పిల్లలు స్కూలు నుంచి వస్తూ తెచ్చుకున్న కూల్‌డ్రింక్ కూడా ఆ పుస్తకంలోకే ఎక్కుతుంది. నెలాఖరున మొత్తం చూసి టెన్షన్ పడ్డా అప్పుడు తగ్గించడానికి ఏమీ మిగలదు. చేతిలో డబ్బు లేని నెలల్లో ఖాతా ఎన్నో ఇళ్ళను ఆదుకుంది, కాదనను. జీతం సమయానికి పడే ఇంటికి మాత్రం దాంతో పని లేదు.

బియ్యం దగ్గర ఒక విచిత్రం చూడొచ్చు. మన షాపుల్లో 26 కేజీల బస్తాలు కనిపిస్తాయి. 2022 జులై 18 నుంచి 25 కేజీలూ అంతకు లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది, ఆపైన లేదు. ఆ ఒక్క కేజీ అందుకే. బస్తా పదిహేను వందలనుకుంటే పన్ను 75 రూపాయలు. 26 కేజీల బస్తా, 25 కేజీల బస్తా పక్కపక్కన ఉంటే కేజీ ధర కట్టి చూడండి. తెలంగాణలో రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కేజీల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురుంటే అది 24 కేజీలు. ఆ ఇళ్ళల్లో బియ్యం పద్దు దాదాపు మాయమైనట్టే, మిగిలిన డబ్బుకు ముందే ఒక పని చెప్పాలి.

ఇక యాప్. అందరూ తిడతారు గానీ దీనికో మంచి గుణం ఉంది. వస్తువు వేసిన ప్రతిసారీ మొత్తం ఎంతైందో కళ్ళెదుటే కనిపిస్తుంది. అనవసరమైనది తీసేయడానికి ఎవరి ముందూ సిగ్గుపడక్కర్లేదు. మూడు నెలల పాత ఆర్డర్లు తిరగేస్తే ఇంట్లో దేనికెంత పోతోందో తెలిసిపోతుంది. అయినా నెల బడ్జెట్‌కు ఎక్కువగా చిల్లుపెట్టేది ఇదే. కొత్తిమీర కట్ట కోసం తెరుస్తాం, ఇంకో నూటయాభై వేస్తే డెలివరీ ఉచితం అంటుంది, ఐస్‌క్రీమ్ కూడా వస్తుంది. డెలివరీ తప్పించుకున్నా హ్యాండ్లింగ్ ఛార్జీ ఉండొచ్చు, వాన పడితే ఇంకొకటి. ఒక్కోసారి పోయేది తక్కువే కాబట్టి దేన్నీ పద్దులో రాయం. పదిహేనో తారీకు తర్వాత వచ్చే రెండో విడత ఇప్పుడు చాలామంది ఫోన్‌లోనే నడుస్తోంది.

నా ఓటు కిరాణా చీటీకి, ఖాతా లేకుండా. సరుకు దిగగానే డబ్బు కట్టేయాలి. సబ్బులు, పౌడర్లు, ఫినాయిల్ లాంటివి రెండు మూడు నెలలకోసారి సూపర్ మార్కెట్‌లో తెచ్చుకుంటే సరి, అవి పాడవ్వవు, ధరలో తేడా గట్టిగా ఉండేది కూడా వాటిలోనే. వెళ్ళేది ఒక్కరే వెళ్ళాలి, భోజనం చేసి వెళ్ళాలి. యాప్‌కు నెల మొదట్లోనే ఐదు వందలో వెయ్యో వాలెట్‌లో వేసి, కార్డు వివరాలు తీసేయండి. అది అయిపోయాక కొత్తిమీర లేకుండా చారు పెట్టుకుందాం.

ఈ మూడింటిలోనూ ఇమడని ఖర్చు ఒకటుంది, ఏడాది సరుకు. ఎండుమిర్చి, చింతపండు, కొందరికి కందిపప్పు. కొత్త కంది జనవరి, ఫిబ్రవరుల్లో వస్తుంది. గుంటూరు యార్డుకు కొత్త మిర్చి, మార్కెట్‌కు కొత్త చింతపండు వేసవి మొదట్లో దిగుతాయి. అప్పుడు కొని, ఎండబెట్టి, కారం పట్టించి పెట్టుకునే ఇల్లు ఏడాదంతా ప్యాకెట్ కారం కొనదు. కానీ ఒకే నెలలో మూడు నాలుగు వేలు బయటికి పోతే ఆ నెల బడ్జెట్ తలకిందులవుతుంది. దీన్ని పన్నెండుతో భాగించి నెలనెలా పక్కన పెట్టడమే మార్గం. అపార్ట్‌మెంట్‌లో ఎండబెట్టే చోటు లేకపోతే మాత్రం ఆశపడకండి. వానాకాలంలో బూజు పట్టిన చింతపండు ఏ లెక్కలో చూసినా చవక కాదు.

కూరగాయలకు రైతుబజారును మించినది నాకు కనబడలేదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లలో ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాస్తారు, అందుకని బేరం అక్కర్లేదు. వారానికి ఇంత అని రూపాయల్లో హద్దు పెట్టుకోండి, కేజీల్లో వద్దు. 2023 జులైలో టమాటా కేజీ వంద దాటినప్పుడు, రెండు కేజీలు కొనడం అలవాటైన ఇళ్ళ లెక్క తప్పింది. వారానికి నాలుగు వందలని హద్దు పెట్టుకున్నవాళ్ళు గోంగూరకో బీరకాయకో మారి, పప్పులో చింతపండు వేసుకున్నారు.

ఇద్దరే ఉండి, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తూ, వారంలో సగం రోజులు బయట తినేవాళ్ళకు పైదంతా వర్తించదు. వాళ్ళింట్లో నెల సరుకులు ఒకేసారి దింపితే రవ్వకు పురుగు పడుతుంది, సగం పారేయాలి. వాళ్ళకు యాపే నయం, హద్దు పెట్టుకున్న వాలెట్‌తో. బియ్యం మాత్రం ఐదు కేజీల సంచీ చాలు, బస్తా ధర చూసి మోజుపడకూడదు.