నా స్కీల మీద మా ఆయన నంబరు

జనవరిలో నాలుగు రోజులు ఇటలీ ఉత్తరాన డోలమైట్స్ కొండల్లో స్కీయింగ్‌కి వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల మావాడు. మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా కార్లో వెళ్లాం, దారి గురించి చెప్పుకోవడానికేం లేదు. దిగిన ఊరు ఒర్తిసెయ్. దానికే జర్మన్‌లో ఒక పేరు, అక్కడివాళ్ల లదీన్ భాషలో ఇంకో పేరు ఉన్నాయి. బోర్డుల మీద మూడూ ఉంటాయి, దారి తప్పామని టెన్షన్ పడకండి. అపార్ట్‌మెంట్ రాత్రికి 148 యూరోలు. కింద స్కీ గదిలో బూట్లు తగిలిస్తే రాత్రంతా వేడి గాలి వీచి ఆరబెడుతుంది. తడిసిన బూటులో పొద్దున్నే కాలు దూర్చడమంటే ఏమిటో తెలిసినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. ఆ ఒక్కదాని కోసమైనా మళ్లీ అక్కడే దిగుతాను.

నా కోపమంతా స్కీలు, అంటే మంచు మీద జారడానికి కాళ్లకి తగిలించుకునే పొడుగు పలకలు, అద్దెకిచ్చిన షాపు మీద. మనిషికి రోజుకు స్కీలు, బూట్లు, కర్రలు కలిపి 34 యూరోలు, హెల్మెట్‌కి ఇంకో 4. ఉదయం తొమ్మిదింటికే చాంతాడంత క్యూ. ఎత్తు, బరువు, వయసు, స్కీయింగ్ ఎంత వచ్చు అని ఒక కాగితం నింపమన్నారు. నేను 58 కిలోలు అని రాశాను. మా ఆయన 91 రాశారు (94 అని నాకు తెలుసు). ఆ కుర్రాడు మూడు కాగితాలూ ఒకేసారి లాక్కుని, స్క్రూడ్రైవర్‌తో టకటకా తిప్పేసి, అయిదు నిమిషాల్లో మమ్మల్ని బయటికి పంపేశాడు. ఎంత ఫాస్టో అని మెచ్చుకున్నాం కూడా.

ఆ కాగితం ఎందుకో అప్పటికి మాకు తెలీదు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ మీద చిన్న కిటికీ, అందులో ఒక నంబరు ఉంటాయి. పడినప్పుడు ఎంత బలం పడితే స్కీ ఊడి పోవాలో చెప్పేది అదే. కాలు మెలిపడితే ముందు భాగం పక్కకి వదలాలి, ముందుకి బోర్లా పడితే మడమ దగ్గర పైకి వదలాలి. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మనం నడిపే తీరు అన్నీ చూసి ఆ నంబరు పెడతారు. తక్కువైతే ఊరికే ఊడుతుంది. ఎక్కువైతే ఊడదు. అప్పుడు మన బరువుకి అంత పొడుగు పలక తోడై మోకాలిని మెలితిప్పేస్తుంది. అందుకే బరువు దగ్గర మొహమాటపడకండి, నిజం రాయండి.

మొదటిరోజు కేబుల్ కారులో ఆల్పే ది సియూసి ఎక్కాం. రెండు వేల మీటర్ల ఎత్తులో 56 చదరపు కిలోమీటర్ల పచ్చిక మైదానం, చలికాలం మొత్తం తెలుపే. వాలు తక్కువ, వెడల్పు ఎక్కువ, ఎదురుగా సస్సోలుంగో శిఖరం. కొత్తవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు. అక్కడ మా ఆయన స్కీలు ఊడుతూనే ఉన్నాయి. మలుపు తిరిగితే ఊడుతుంది, కాస్త గట్టిగా ఆగితే ఊడుతుంది. మావాడు లెక్కపెట్టాడు, పదకొండు సార్లు. "నాన్నా, మళ్లీనా!" అని వాడు, పొట్ట పట్టుకుని నేను. పన్నెండోసారి ఒక దిబ్బ దిగిన వెంటనే, దారి మధ్యలో కూర్చుని స్కీ తొడుక్కుంటుంటే ఇన్‌స్ట్రక్టర్ వచ్చి కేకలేశాడు. పైనుంచి వచ్చేవాడికి దిబ్బ వెనకాల ఉన్న మనిషి కనపడడు కదా. ముందున్నవాళ్లని తప్పించుకునే బాధ్యత వెనకనుంచి వచ్చేవాడిదే, అయినా ఆగేవాళ్లు అంచుకి జరగాలి. ఆ తిట్లు న్యాయమైనవే.

నా స్కీలు మాత్రం ఒక్కసారీ ఊడలేదు. నాకు బాగా వచ్చేసిందనుకున్నాను.

మూడుంపావుకి, "చివరి రౌండ్" అని నేనే పట్టుబట్టాను. ఎండ దాటిపోయి మంచు గట్టిపడింది, వెలుతురు చప్పగా ఉంది, గుంత ఏదో గట్టు ఏదో తెలియడం లేదు. తొడలు వణుకుతున్నాయి. స్పీడేం లేదు, దాదాపు ఆగిపోతున్నాను. కుడి స్కీ లోపలి అంచు మంచులో కరుచుకుంది. నేను ఇటు పడ్డాను, కాలు అటే ఉండిపోయింది. మోకాల్లో ఏదో సాగిన బాధ.

ఎవరో తెలియని ఒకాయన ఆగి, తన స్కీలు విప్పి, నాకు కాస్త పైన మంచులో అడ్డంగా ఒకదాని మీదొకటి గుణకారం గుర్తులా గుచ్చి నిలబెట్టాడు. ఇక్కడ మనిషి పడి ఉన్నారు, చుట్టూ తిరిగి వెళ్లండి అని దానర్థం. తర్వాత స్కీ పాట్రోల్, అంటే కొండ మీద దెబ్బ తగిలినవాళ్లని చూసుకునేవాళ్లు, మంచు మీద లాగే స్లెడ్జి బండితో వచ్చారు. వాళ్లలో ఒకావిడ కట్టు కడుతూ నా బైండింగ్ చూసి, "మీ బరువెంత?" అంది. చెప్పాను. "మీకు మూడు చుట్టూ ఉండాలి. ఇది ఆరు." వెంటనే మా ఆయన స్కీల దగ్గరికి వెళ్లి వంగి చూసింది. మూడు.

కాగితాలు తారుమారయ్యాయి, అంతే.

మోకాలి లోపలి వైపు లిగమెంట్ కొంత చిరిగిందని, ఆపరేషన్ అక్కర్లేదని, ఆరు వారాలు బ్రేస్ వేసుకోమని డాక్టరు చెప్పారు. నంబరు సరిగ్గా ఉంటే కాలు తప్పకుండా దక్కేదని నేను వాదించను. మెలిపడుతూ వెనక్కి పడితే ఏ బైండింగూ పూర్తిగా కాపాడదట. కానీ షాపువాడు "మీరు సంతకం చేశారుగా" అన్నప్పుడు మాత్రం ఒళ్లు మండింది. బైండింగుల ఫొటోలు తీసి పెట్టుకున్నాం కాబట్టి గంట గొడవ తర్వాత మిగిలిన మూడు రోజుల డబ్బు వెనక్కిచ్చాడు. క్షమించమన్న మాట మాత్రం లేదు.

మరుసటి రోజు మా ఆయన, మావాడు ఇంకో షాపుకి వెళ్లారు, నేను కుంటుతూ వెనకాల. మనిషికి 41 యూరోలు. అక్కడి పెద్దావిడ ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు తీసుకుంది. ముందు మా ఆయన వేసుకున్న రెండు జతల మేజోళ్లు విప్పించి, ఒకటే పల్చటి జత వేయించింది. నిటారుగా నిలబడితే వేళ్లు బూటు కొసకి ఆనాలి, మోకాలు వంచితే వెనక్కి రావాలి, మడమ లేవకూడదు, ఇదీ ఆవిడ లెక్క. అందాకా ఆయన చెప్పుల్లాగే ఒక సైజు పెద్దది తీసుకున్నారు, వదులుగా ఉంటే హాయని. వదులైతే కాలు తిప్పినా స్కీ తిరగదు. బరువు అడిగి, ఆయన్ని పైనుంచి కిందికి చూసి, తూకం మీద ఎక్కించింది. 95. నేను ఏమీ అనలేదు.

హెల్మెట్ కింద మావాడి ఉన్ని టోపీ కూడా తీయించింది. ఇటలీలో 2025 నవంబర్ నుంచి పెద్దవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి. మనం ఎవరినైనా గుద్దితే నష్టం కట్టే ఇన్సూరెన్స్ కూడా ఉండాల్సిందే, లిఫ్ట్ పాస్ కొనేటప్పుడే అడిగి తీసుకోండి.

మిగతా రెండు రోజులూ నేను పైన ఎండలో, కాలు కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన స్కీలు ఒక్కసారే ఊడాయి, అదీ ఊడాల్సిన చోటే. మావాడికి మాత్రం కొత్త పిచ్చి పట్టింది. లిఫ్ట్ క్యూలో నిలబడ్డవాళ్ల వెనక వంగి బైండింగ్ కిటికీలు చదువుతాడు, తర్వాత తల ఎత్తి మనిషి కొలతలు చూస్తాడు. ఒక జర్మన్ ముసలాయన్ని మొహం మీదే "మీరెన్ని కిలోలు?" అని అడిగేశాడు. ఆయన నవ్వి చెప్పాడు. వాడు మళ్లీ వంగి చూసి, "ఓకే" అన్నాడు.