ఆడమ్స్ సంధి, జెఫర్సన్ ఎంబార్గో, మాడిసన్ యుద్ధం: ఏది మేలు?

అమెరికా, బ్రిటన్ మధ్య జరిగిన 1812 యుద్ధం గురించి ఎప్పుడు రాసినా ఒకే ప్రశ్న వస్తోంది. బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ అమెరికా ఓడల్ని పట్టుకుపోతుంటే అధ్యక్షుడు జెఫర్సన్‌లా వ్యాపారం ఆపేయడం మేలా, ఆయన తర్వాతి అధ్యక్షుడు మాడిసన్‌లా యుద్ధానికి దిగడం మేలా అని. సివిల్స్‌కి చదివేవాళ్లు అడుగుతున్నారు. అమెరికాలో పిల్లల హోంవర్కు దగ్గర కూర్చున్న తల్లిదండ్రులూ అడుగుతున్నారు. జవాబు చివర్లో చెబుతాను. కానీ వీళ్లిద్దరికంటే ముందే ఇదే చిక్కులో పడిన రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌ని వదిలేసి ఈ పోలిక చేయడానికి నాకు మనసొప్పదు.

ఎవరు గెలిచారు, ఎవరి పరువు నిలిచింది అన్న లెక్కలు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. నేను చూసేది వేరు. ఆ నిర్ణయానికి అయిన ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడింది? నా దృష్టిలో తేల్చేది ఇదొక్కటే.

ఆడమ్స్ సంగతి ముందు చూద్దాం. 1797లో ఆయన పంపిన రాయబారుల్ని పారిస్‌లో ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి టాలీరాండ్ మనుషులు లంచం అడిగారు. ఆ సంగతి 1798లో బయటపడగానే దేశం ఉడికిపోయింది. నౌకాదళ శాఖ పుట్టింది, సైన్యం పెంచారు, సముద్రం మీద ఫ్రాన్స్‌తో ప్రకటించని యుద్ధం మొదలైంది. 1799 ఫిబ్రవరిలో కాన్‌స్టెలేషన్ అనే అమెరికా యుద్ధనౌక ఫ్రెంచి ఓడ ఇన్‌సర్జంట్‌ని పట్టుకుంది. ఆడమ్స్ సొంత పార్టీ ఫెడరలిస్టుల్లో మాజీ ఆర్థిక మంత్రి హామిల్టన్ వర్గానికి కావలసింది ఇదే ఊపు. యుద్ధం అలా సాగనిస్తే పార్టీ ఆయన వెనకే నిలబడేది, మరుసటి ఏడాది ఎన్నికలు కూడా తేలికయ్యేవి.

సరిగ్గా అప్పుడే, 1799 ఫిబ్రవరి 18న, ఆయన తన మంత్రులకు కూడా చెప్పకుండా సెనేట్‌కి ఒక పేరు పంపాడు. హేగ్‌లో ఉన్న విలియం వాన్స్ మర్రేని ఫ్రాన్స్‌తో మాట్లాడటానికి పంపుతున్నానని. ఈసారి రాయబారిని గౌరవంగా చూస్తామని టాలీరాండ్ నుంచి మర్రేకి కబురు అందింది, ఆ కబురు ఆడమ్స్ నమ్మాడు. పార్టీ రెండుగా చీలింది. హామిల్టన్ ఆయన మీద ఏకంగా ఒక కరపత్రమే రాశాడు. 1800 సెప్టెంబర్ 30న ఒప్పందం కుదిరింది. కానీ ఓడ మీద ఆ వార్త వచ్చేసరికి ఎన్నిక చేజారిపోయింది. జెఫర్సన్‌కీ ఆయన పార్టీ మనిషి ఆరన్ బర్‌కీ చెరో 73 ఎలక్టోరల్ ఓట్లు, ఆడమ్స్‌కి 65.

ఖర్చు ఎవరిది? ముందుగా ఆడమ్స్‌దే. పదవి పోయింది, మళ్లీ రాలేదు. వర్తకులు కూడా నష్టపోయారు, దాన్ని దాచకూడదు. ఫ్రాన్స్ పట్టుకున్న ఓడలకు రావలసిన పరిహారం సుమారు 2 కోట్ల డాలర్లు. ఆ డిమాండ్‌ని అమెరికా వదులుకుంది. ఆ బాధితుల వారసుల వాదన కోర్టు వినడానికి 1885 దాకా దారే దొరకలేదు. ఇక సెడిషన్ చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆడమ్సే. వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్ ప్రభుత్వాన్ని విమర్శించినందుకు నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. ఆ మచ్చ ఆయన మీద నాకు ఎప్పటికీ పోదు. అయినా ఆ చట్టం పుట్టింది యుద్ధ భయంలోంచే, సంధితో ఆ భయానికి ఆధారం పోయింది. 1815లో ఆడమ్స్ ఒక ఉత్తరంలో తన సమాధి రాయి మీద ఇంకేమీ రాయొద్దన్నాడు. 1800లో ఫ్రాన్స్‌తో శాంతికి బాధ్యత తలకెత్తుకున్న మనిషి ఇక్కడ ఉన్నాడని రాస్తే చాలట. నేను దాన్ని గొప్పలు చెప్పుకోవడం అనుకోను.

పడమటి భూముల కథ కూడా ఇక్కడే మొదలవుతుంది. ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరిన మర్నాడే, 1800 అక్టోబర్ 1న, స్పెయిన్ లూసియానాని రహస్యంగా ఫ్రాన్స్‌కి తిరిగిచ్చేందుకు ఒప్పుకుంది. రెండున్నరేళ్ల తర్వాత నెపోలియన్ ఆ 8,28,000 చదరపు మైళ్లనీ కోటిన్నర డాలర్లకు జెఫర్సన్‌కి అమ్మేశాడు. హైతీలో తిరగబడ్డ బానిసలు, పచ్చజ్వరం కలిసి ఫ్రెంచి సైన్యాన్ని తుడిచిపెట్టడం దానికి పెద్ద కారణం. కానీ అమెరికా అప్పటికి ఫ్రాన్స్‌తో పూర్తి యుద్ధంలో ఉండి ఉంటే ఆ బేరం కుదిరేదా? కుదిరేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు జెఫర్సన్. 1807 జూన్‌లో బ్రిటిష్ ఓడ లెపర్డ్, అమెరికా యుద్ధనౌక చెసపీక్ మీద కాల్పులు జరిపి నలుగురు నావికుల్ని లాక్కుపోయింది. జనం యుద్ధం అడిగారు. జెఫర్సన్ రక్తపాతం వద్దనుకున్నాడు. ఆ మనసుని నేను గౌరవిస్తాను. డిసెంబర్ 22న ఎంబార్గో చట్టం వచ్చింది. అమెరికా ఓడలేవీ విదేశాలకు పోకూడదు. 1807లో 10 కోట్ల 80 లక్షల డాలర్లున్న ఎగుమతులు 1808లో 2 కోట్ల 20 లక్షలకు పడిపోయాయి. ఈశాన్య అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ రేవుల్లో ఓడలు కట్టేసి ఉండిపోయాయి. నావికులకు జీతం లేదు, దక్షిణాది రైతుకు పొగాకు, పత్తి కొనే దిక్కు లేదు. షాంప్లేన్ సరస్సు మీదుగా కెనడాకి దొంగ సరకు పోతుంటే ఆపడానికి సొంత పౌరుల మీదికే సైనికుల్ని పంపాల్సి వచ్చింది. బ్రిటన్ మాత్రం కదల్లేదు. పోటీ ఓడలు తప్పుకున్నాయని అక్కడి ఓడల యజమానులు సంతోషించారు. దాని సరకుకు దక్షిణ అమెరికాలో కొత్త మార్కెట్లు కూడా దొరికాయి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఆడమ్స్ ఎదుట నిలబడింది 1798 నైలు యుద్ధంలో బ్రిటన్ చేతిలో మధ్యధరా నౌకాదళం పోగొట్టుకున్న ఫ్రాన్స్. జెఫర్సన్ ఎదుట ఉన్నది ప్రపంచంలోనే పెద్ద నౌకాదళం. ఇద్దరికీ ఒకే కొలత ఎలా పెడతారు అని అడగొచ్చు. నిజమే, పెట్టకూడదు. కానీ ఆడమ్స్ పట్టుకున్న దారి జెఫర్సన్‌కీ దొరికింది. 1806 డిసెంబర్ 31న లండన్‌లో అమెరికా రాయబారులు మన్రో, పింక్నీ బ్రిటన్‌తో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. వ్యాపారానికి కొన్ని సౌకర్యాలు దక్కాయి గానీ అమెరికా నావికుల్ని బలవంతంగా బ్రిటిష్ ఓడల్లో చేర్చుకోవడం గురించి అందులో ఒక్క మాట లేదు. ముఖ్యంగా ఆ కారణంతో జెఫర్సన్ దాన్ని సెనేట్‌కి పంపకుండానే పక్కన పెట్టేశాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1810 నాటి మేకన్ బిల్లు గురించి కూడా ఒకరిద్దరు అడిగారు. రెండు దేశాల్లో ముందు ఎవరు దిగొస్తే రెండోవాళ్లతో వ్యాపారం మానేస్తామన్నది ఆ పథకం. నెపోలియన్ ఉత్తుత్తి మాట ఇచ్చాడు, మాడిసన్ నమ్మాడు. అంతకుమించి దాన్ని తూచాల్సిన అవసరం లేదు.

మాడిసన్ 1812 జూన్ 18న యుద్ధ ప్రకటన మీద సంతకం చేశాడు. దిగువ సభలో 79–49, సెనేట్‌లో 19–13. అయిదు రోజులకే బ్రిటన్ తటస్థ ఓడల మీద ఆంక్షల్ని రద్దు చేసింది. తెరచాప ఓడల కాలం కదా, ఆ కబురు అట్లాంటిక్ దాటడానికి వారాలు పట్టింది. ఆ వారాలు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. తర్వాత రెండున్నరేళ్ల యుద్ధం. 1814 ఆగస్టు 24న వాషింగ్టన్ తగలబడింది. దేశం అప్పు 4 కోట్ల 50 లక్షల డాలర్ల నుంచి 12 కోట్ల 70 లక్షలకు పెరిగింది. 1814 డిసెంబర్ 24న ఇప్పటి బెల్జియంలోని గెంట్‌లో ఒప్పందం కుదిరింది. ఎవరి సరిహద్దు వాళ్లదే. నావికుల బలవంతపు భర్తీ గురించి ఇందులోనూ ఒక్క మాట లేదు. ఏ లోటు ఉందని జెఫర్సన్ 1807లో ఒప్పందాన్ని తోసేశాడో, అదే లోటున్న ఒప్పందానికి మాడిసన్ ఒక యుద్ధం తర్వాత ఒప్పుకున్నాడు. ఆ భర్తీ ఆగింది యూరప్‌లో నెపోలియన్ యుద్ధాలు ముగిసి బ్రిటన్‌కి మనుషుల అవసరం తీరిపోయినందువల్ల.

దేశానికి ఆత్మగౌరవం వచ్చింది, న్యూ ఇంగ్లండ్ మిల్లులు పెరిగాయి అంటారు. కాదనను. కానీ అసలు మూల్యం చెల్లించినవాళ్లు ఆ లెక్కలోకే రారు. ఒహాయోకి పడమటి భూముల్లో మూలవాసుల తెగలన్నిటినీ ఒక్కతాటి మీదికి తెచ్చేందుకు తిరిగిన షానీ తెగ నాయకుడు టెకమ్సే 1813 అక్టోబర్ 5న కెనడాలోని థేమ్స్ యుద్ధంలో బ్రిటన్ పక్షాన పోరాడుతూ చనిపోయాడు. ఆయనతోనే ఆ కూటమీ పోయింది. 1814 మార్చిలో హార్స్‌షూ బెండ్ దగ్గర అమెరికా సేనాని ఆండ్రూ జాక్సన్ సేనల చేతిలో 800 మందికి పైగా క్రీక్ తెగ యోధులు చనిపోయారు. ఆగస్టులో ఫోర్ట్ జాక్సన్ ఒప్పందం పేరుతో క్రీక్‌ల దగ్గర సుమారు 2 కోట్ల 30 లక్షల ఎకరాలు తీసుకున్నారు. అందులో జాక్సన్ పక్షాన నిలబడి పోరాడిన క్రీక్‌ల భూములు కూడా ఉన్నాయి. గెంట్‌లో బ్రిటన్ మొదట ఈ తెగల కోసం విడిగా ఒక ప్రాంతం కేటాయించాలంది, తర్వాత ఆ మాటే ఎత్తలేదు. 1811లో తెగలకున్న భూముల్ని తిరిగి ఇస్తామని ఒప్పందం 9వ అధికరణంలో రాసుకున్నారు. ఇవ్వలేదు. 1816 నుంచి 1819 లోపు ఇండియానా, మిసిసిపీ, ఇల్లినాయ్, అలబామా వరసగా రాష్ట్రాలయ్యాయి.

లూసియానా కొనుగోలుతో కూడా మూలవాసుల భూములే పోయాయి కదా, దానికి దారి వేసిన ఆడమ్స్‌ని ఎందుకు మినహాయిస్తున్నారు అని మీరు అడగొచ్చు. మినహాయించడం లేదు. ఆ భూముల్లో ఉన్నవాళ్లని పారిస్‌లోనూ ఎవరూ అడగలేదు, వాషింగ్టన్‌లోనూ ఎవరూ అడగలేదు. కానీ ఆడమ్స్ సంధి కోసం ఏ తెగ ఊళ్లూ తగలబడలేదు. మాడిసన్ యుద్ధంలో తగలబడ్డాయి.

అందుకే ముగ్గురిలో నా ఓటు ఆడమ్స్‌కి. మీరు అడిగిన ఇద్దరిలోనే తేల్చమంటే, విఫలమైందని తెలిసి కూడా జెఫర్సన్ ఎంబార్గో వైపే మొగ్గుతాను. 14 నెలల తర్వాత, పదవి దిగడానికి మూడు రోజుల ముందు, తనే దాని రద్దు మీద సంతకం పెట్టాడు. ఓడలు మళ్లీ రేవు దాటాయి. క్రీక్‌ల భూములు మాత్రం తిరిగి రాలేదు.